మారు తాళపుచెవి: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన దొడ్డబళ్ళాపురమున మగ్గపు చప్పుడు వినని వీధి అరుదు. నేతపని తెలిసినవారి యింట పుట్టిన బాలబాలికలకు ఒక సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పాత చీర నొకదానిని ముందుంచుకొని దానివంటి క్రొత్త చీరను నేయవచ్చును. పడుగులోనో పేకలోనో ఒక్క పోగు మారినచో చూచువారి కంటికి అది ఆనకపోవచ్చును గాని, నేసిన చేతికి మాత్రము తెలియును. ప్రకృతి నేసిన అణువులను ముందుంచుకొని వానివంటి వానిని మానవుడు నేయుటయు ఇట్టి పనియే.

ఈ విద్యకు నేడు పెద్ద పెద్ద పేళ్లు వచ్చినవి. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. మన దేహములోని ఎంజైములు ఆ కొలతలలో నుండి రెండు పనులు చేయును. తమకు కావలసిన అణువును వేలకొలది ఇతరాణువుల నడుమ ఆనవాలు పట్టుట మొదటిది. పట్టిన దానిని అతివేగముగ వేరొక రూపమునకు మార్చుట రెండవది. ఈ రెండు పనులను తాము నిర్మించిన సూక్ష్మకణములచేత చేయింపవలెనని లోకమున పెక్కుచోట్ల శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. మన ఊరినుండి యలహంక మీదుగ బెంగళూరికి పోవువారికి అంత దూరము కాని జక్కూరున, 1989లో నెలకొల్పబడిన జవాహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రమునందును సూక్ష్మపదార్థములను గూర్చిన పరిశోధనలు జరుగుచున్నవి. ఆ మాట విన్నప్పుడెల్ల మాకు జ్ఞప్తికి వచ్చు తెలుగువారొకరు గలరు. ఆయన జీవించియున్న కాలమున నానో అను మాట వ్యాప్తిలో లేదు. అయినను ప్రకృతి యొక్క తాళములకు మారు తాళపుచెవులు చేయుట ఎట్లో, ఆయనయు ఆయన సహచరులును చేసి చూపిరి. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఎంజైమునకును అది పట్టుకొను అణువునకును గల పొందిక తాళమునకును తాళపుచెవికిని గల పొందిక వంటిదని జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ ప్రకటించినది 1894లో, అనగా ఈ శిశువు పుట్టుటకు ఒక్క యేడు ముందు. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు. చదువరులు కాలమును గుర్తుంచుకొనుటకు మాత్రమే ఇచట చెప్పితిమి.

బాల్యమున ఆయన చదువునందు శ్రద్ధగలవాడని చెప్పుటకు వీలులేదు. పదుమూడేండ్ల వయస్సున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయిరి. తల్లి వెదకించి వెనుకకు తెప్పించి బడికి పంపెను. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, తుదకు మదరాసులోని హిందూ హైస్కూలునుండి, రెండుమార్లు తప్పిన పిమ్మట మూడవమారు మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. 1913లో తండ్రి గతించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని కోరిక పుట్టినది. వెంకమ్మగారు అందులకు సమ్మతింపలేదు. సన్యాసము తప్పినది, వైద్యవిద్య మిగిలినది. మదరాసు వైద్యకళాశాలలో చదువుటకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని 1919లో సుబ్బారావుగారు వివాహమాడిరి.

అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు వస్త్రముతో కుట్టిన అంగీని ధరించి శస్త్రచికిత్సాశాలలో ప్రవేశించిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది నచ్చలేదు. ఫలితముగ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఆయుర్వేద వైద్యులైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కాలము గడపిరి.

ఈ నడుమనే ఆయన జీవితమునకు దారి చూపిన దుఃఖము సంభవించినది. అన్నగారైన పురుషోత్తముగారిని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొనెను. ఆ వ్యాధి సోకినవారికి తిన్న ఆహారము వంటబట్టదు, రక్తము క్షీణించును, దేహము శుష్కించును. మరియొక సోదరుడును అనతికాలమున గతించెను. సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకగా లక్ష్మీపతిగారి చికిత్స వలన బ్రతికి బయటపడిరి. ఆ రోగమునకు కారణమేమో నాడు ఎవరికిని తెలియదు. అది తెలిసికొనవలెనను పట్టుదలయే ఆయనను సముద్రము దాటించినదని మా తలంపు.

1920 తరువాతి తొలి సంవత్సరములలో, మామగారు ఇచ్చిన సొమ్ముతోడను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ చేసిన సహాయముతోడను, సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరమును చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశించిరి. ఆ సొమ్ము చాలలేదు. రాత్రివేళ ఒక ఆసుపత్రిలో కూలికి చేరి రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచుచు, పగలు చదువుకొనిరి. ఇంటివద్ద పుట్టిన కుమారుని ఆయన చూడనేలేదు. ఆ శిశువు ఏడాది నిండకమునుపే మరణించెను. శేషగిరిగారు మరల భర్తను చూచుట తటస్థింపలేదు. ఈ సంగతిని మేము పొగడుచున్నామని ఎవరును తలంపవలదు. ఒకరి విద్యకు మరియొకరు చెల్లించిన మూల్యమును కూడ చరిత్రలో వ్రాయుట న్యాయము.

డిప్లొమా పొందిన పిదప ఆయన జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేగారి వద్ద చేరిరి. అచట ఆయనకు ఒప్పగింపబడిన పని రక్తములోను మూత్రములోను ఉండు భాస్వరమును కొలుచు సులభపద్ధతిని కనుగొనుట. 1925లో ఫిస్కే, సుబ్బారావుగార్ల పేరిట ఆ పద్ధతి ప్రకటింపబడినది. భాస్వరము ఆమ్లజనితో కూడి ఫాస్ఫేటు రూపమున ద్రవములో నున్నప్పుడు, దానికి ఆమ్లముతో కలిసిన మాలిబ్డినపు లవణమును చేర్చినచో, పండ్రెండు మాలిబ్డినము పరమాణువులు ఆమ్లజనితో సహా ఒక్క ఫాస్ఫేటు చుట్టును పంజరము కట్టును. తగిన క్షయకరణ ద్రవ్యమును చేర్చినంతట ఆ పంజరము నీలివర్ణమును పొందును. నీలిమ ఎంత చిక్కనిదో భాస్వరము అంత అధికము. రంగును పోల్చి చూచిన చాలును, లెక్క తేలును.

ఆ పంజరపు వెడల్పు ఇంచుమించు ఒక్క నానోమీటరు. దాని ఆకృతి 1925లో ఎవరికిని తెలియదు. 1933లో ఇంగ్లండులోని మాంచెస్టరున కెగ్గిన్ అను యువకుడు, మాలిబ్డినమునకు జ్ఞాతియైన టంగ్‌స్టను కట్టిన అట్టి పంజరమును ఎక్స్‌కిరణములతో పరీక్షించి మొదటిసారి దాని రూపమును చూపెను. నేడు ఆ జాతి పంజరములను కర్మాగారములలో ఉత్ప్రేరకములుగ వాడుచున్నారు. నిండిన ద్రవములోని నానా పదార్థముల నడుమ ఒక్క ఫాస్ఫేటును కనిపెట్టి చుట్టుకొను ఈ పంజరము, అణువు అణువును ఆనవాలు పట్టుటకు చక్కని నిదర్శనము. సుబ్బారావుగారి పరిశోధన జీవితము దీనితోనే ప్రారంభమగుట మాకు ముచ్చటగొలిపిన విషయము.

పద్ధతి చేతికి వచ్చిన పిమ్మట కండరములను పరీక్షించిరి. ఇచట ఒక వింత జరిగెను. కండరపు రసముతో చేసిన పరీక్షలో నీలివర్ణము వెంటనే రాక మెల్లమెల్లగ చిక్కబడుచుండెను. మరియొకరైనచో పద్ధతిలో ఏదో లోపమున్నదని తలచి ఆ ఫలితమును పారవేసియుందురు. ఫిస్కే, సుబ్బారావుగార్లు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. కండరములో ఫాస్ఫేటు ఏదో మరియొక దానితో జతగూడియున్నదనియు, ఆమ్లములో ఆ జత కొంచెము కొంచెముగ విడిపోవుచున్నదనియు ఊహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును వెల్లడించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులును దీని జాడ కనిపెట్టియుండిరి. 1929లో కండరములనుండి ఎ.టి.పి. అను మరియొక భాస్వర పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగ దానినే కనుగొనెను. జీవకోటికి శక్తిని మోసి యిచ్చు నాణెము ఈ ఎ.టి.పి. చీమ నడచినను, ఏనుగు నడచినను, ఈ వాక్యమును చదువుచు మీ కన్ను కదలినను అందులకు వ్యయమగునది ఇదియే. నాడు నోబెలు బహుమతి పొందిన సిద్ధాంతమొకటి కండరపు కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పుచుండెను. ఈ ఆవిష్కరణముల వలన అది తల్లక్రిందులయ్యెను.

1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను గాని స్థిరమైన ఆచార్య పదవిని మాత్రము ఈయలేదు. అచట ఆయనతో పనిచేసి, పిదప 1988లో నోబెలు బహుమతి పొందిన జార్జి హిచ్చింగ్సు, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను గూర్చిన పరిశోధన ప్రకటింపబడనందున ఇతరులు సంవత్సరముల తరువాత వానిని మరల కనుగొనవలసి వచ్చినదని చెప్పియున్నారు. 1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. అనతికాలమునకే అచటి పరిశోధనలన్నిటికి అధిపతియైరి.

ఇక ముఖ్య విషయమునకు వచ్చితిమి. 1930 ప్రాంతమున బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, గర్భవతులకు కలుగు ఒకవిధమైన రక్తహీనత ఈస్టునుండి తీసిన పదార్థముతో కుదురుచున్నదని కనిపెట్టెను. కాలేయమునందును ఆ గుణము గలదు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అను శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి పదార్థమును ఆవగింజంత సేకరించి, ఆకునకు లాటిను భాషలో గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దాని నిర్మాణమును తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసినది సుబ్బారావుగారి బృందము. మూడు ముక్కలను వరుసగ అతికించినట్లుండు అణువది: ఒక కొసను టెరిడిను అను జంటవలయము, నడుమ పారా అమినో బెంజోయిక్ ఆమ్లము, రెండవ కొసను గ్లుటామిక్ ఆమ్లము. 1945లో ఈ సంగతిని తెలుపుచు వెలువడిన పత్రమున పదహారుగురి పేళ్లున్నవి. అధిపతియైన సుబ్బారావుగారి పేరు అందు మొదటిది కాదు. అక్షరక్రమములో తన వంతు వచ్చిన చోట నిలిచినది.

వెంటనే ఆ మందును అమెరికా దక్షిణ రాష్ట్రములలోను క్యూబాలోను రోగుల కిచ్చి చూచిరి. కుదిరిన వ్యాధులలో స్ప్రూ ఒకటి. పురుషోత్తముగారు గతించి అప్పటికి పాతికేండ్లు దాటినవి.

బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. ల్యుకేమియా అను రక్తపు కాన్సరుతో వచ్చిన పసిపిల్లలు కొన్ని వారములలోనో నెలలలోనో మరణించుచుండిరి. వారికి ఇచ్చుటకు మందే లేదు. రక్తమును వృద్ధిపరచు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములను లెడర్లీనుండి తెప్పించి ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారు మరింత విజృంభించినట్లు కనబడెను. భయంకరమైన అనుభవమే. కాని దానినుండి ఒక తర్కము పుట్టెను. ఈ ఆహారమునకు రోగకణములు ఇంత వేగముగ పెరుగుచున్నచో, ఆహారమువలె కనబడి ఆహారము కాని దానిని వానికి పెట్టిన ఏమగును?

లెడర్లీలో అట్టి పదార్థములను నేయుట అప్పటికే సాగుచుండెను. డోరిస్ సీగరు అను రసాయన శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఫోలిక్ ఆమ్లపు జంటవలయము మీద నున్న ఒక్క ఆమ్లజని గుంపును తీసివేసి, ఆ స్థానమున నత్రజని గుంపు నొకదానిని చేర్చి, 1947లో అమినోటెరిను అను అణువును ప్రకటించిరి. తక్కినదంతయు మునుపటివలెనే. మేము మొదట చెప్పిన చీరలో మారిన పోగు ఇదియే. కణములో ఫోలిక్ ఆమ్లమును పట్టుకొని పనికి సిద్ధపరచు ఎంజైమొకటి గలదు. అమినోటెరిను వచ్చినప్పుడు ఆ ఎంజైము దానిని తనదే యని పట్టుకొనును. పట్టుకొనుటలో పొరబాటు లేదు, విడుచుటలోనే చిక్కు. మామూలు అణువుకంటె వేల రెట్ల గట్టిగ అది అతుకుకొనును. తాళములో ఇరుకుకొని విరిగిన మారు చెవివలె నిలిచి, అసలు చెవిని లోనికి రానీయదు. క్రొత్త కణమునకు కావలసిన జన్యుపదార్థము తయారుకాక కణము పెరుగుట ఆగిపోవును.

1947 చివరి మాసములలో ఫార్బరుగారు ఆ మందును ప్రయోగించిరి. 1948 జూనులో ప్రకటించిన లెక్కప్రకారము, చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. ఆ ఉపశమనము తాత్కాలికమే. కొన్ని మాసములకు వ్యాధి తిరిగి వచ్చెను. అయినను, అంతవరకు శయ్యనుండి లేవని బిడ్డ లేచి ఆడుకొనుట తల్లిదండ్రులు చూచిరి. ల్యుకేమియాను మందుతో అణచవచ్చునని లోకము మొట్టమొదట నమ్మినది అప్పుడే.

ఇచట ఒక మాట చెప్పవలెను. మనవారు అభిమానముచేత సుబ్బారావుగారు అన్నిటిని తామొక్కరే కనుగొన్నట్లు వ్రాయుట కలదు. అరియోమైసిన్ అను మందును మట్టిలోని సూక్ష్మజీవినుండి రాబట్టిన వారు బెంజమిన్ డగ్గరుగారు; అమినోటెరినును చేతులార తయారు చేసినవారు పైన చెప్పినవారు. ఏ ప్రశ్న వెంట పోవలెనో నిర్ణయించి, అందులకు తగినవారిని కూర్చి, సాధనములు సమకూర్చి, పేరు వచ్చువేళ ప్రక్కకు తొలగినవారు సుబ్బారావుగారు. 1947లో ఆయన నాయకత్వముననే బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు వెలువడినది. ఆయన పుట్టిన గోదావరి సీమలో ఆ వ్యాధి ఎంత బాధించినదో తెలిసినవారు ఆ మందు విలువను చక్కగ గ్రహింపగలరు. ఆయన చేసిన దానికి మరియొకరిది చేర్చి చూపనక్కరలేదు, ఉన్నదే చాలినంత గలదు.

1948 ఆగస్టు మాసమున, నిద్రలోనే గుండె ఆగి, సుబ్బారావుగారు న్యూయార్కున మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. ఫార్బరుగారి పత్రము వెలువడి అప్పటికి రెండు నెలలు. అమెరికా పౌరసత్వమును ఆయన స్వీకరింపలేదు. స్వదేశమునకు తిరిగి రానులేదు.

పిదప జరిగినది కొంత చెప్పి ముగింతుము. అమినోటెరినునకు తమ్ముడైన మెతోట్రెక్సేటు దానికంటె సురక్షితమని తేలెను. 1956లో ఆ మందుతో లీ, హెర్ట్జ్ అను వైద్యులు స్త్రీలకు కలుగు ఒక కాన్సరును పూర్తిగ నయము చేసిరి. కీళ్లవాతమునకును సోరియాసిస్ అను చర్మవ్యాధికిని నేటికిని దానినే ఇచ్చుచున్నారు. మన ఊరి మందుల అంగళ్లలోను వైద్యుని చీటీ చూపినచో అది లభించును. 1977లో ఆ మందు ఎంజైములో కూర్చున్న తీరు ఎక్స్‌కిరణములతో చిత్రింపబడినది. అసలు అణువు కూర్చుండు రీతికి ఈ మారు అణువు తన జంటవలయమును బోరగిలత్రిప్పి కూర్చున్నదని తేలి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి. ఆకృతిలో ఒక్క పోగు మారగా పట్టులో ఇంత మార్పు వచ్చినది.

కొన్ని కాన్సరు కణములు తమ ఉపరితలమున ఫోలిక్ ఆమ్లమును అందుకొను గ్రాహకములను మితిమీరి పెంచుకొనును. కావున బంగారపు నానోకణములకును కొవ్వుతో చేసిన సూక్ష్మపు సంచులకును ఫోలిక్ ఆమ్లమును తగిలించి, మందును వానిచేత మోయించి, రోగకణముల గుమ్మమునకే పంపవలెనని పరిశోధనలు సాగుచున్నవి. 2021లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన ఒక రంగుపదార్థమునకు కూడ ఫోలిక్ ఆమ్లమును పోలిన అణువే మార్గదర్శి. అండాశయపు కాన్సరునకు శస్త్రచికిత్స చేయునప్పుడు, కంటికి కానరాని రోగభాగమును ప్రత్యేకపు కాంతిలో వెలిగించి చూపుట దాని పని. ఉత్ప్రేరకముల దారిలోను అట్టి ముందంజయే. ఇనుపతుప్పునకు చుట్టమైన ఆక్సైడు సూక్ష్మకణములు ఒక ఎంజైము చేయు పనిని తామును చేయగలవని 2007లో చైనా శాస్త్రజ్ఞులు చూపిరి.

ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరిడి శాస్త్రజ్ఞులు ఆయనను స్మరించిరి. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము తపాలా బిళ్లను విడుదల చేసినది. మన తాలూకా రైతు తన పొలపు మట్టిని పరీక్షకు పంపినప్పుడు అందులోని భాస్వరమును కొలుచుటకు గాజుగొట్టములో పుట్టించు నీలివర్ణము, 1925లో బోస్టనులో ఆయన చిక్కదనము చూచి కొలిచిన ఆ నీలివర్ణపు జాతిలోనిదే. రసాయనశాస్త్రమున పై తరగతులకు పోవు మన విద్యార్థులు దానిని తమ చేతులతోనే పుట్టించి చూడగలరు.